రెడ్మండ్ వాటా, కింగ్ కౌంటీ ఖాతా

వాషింగ్టన్ రాష్ట్రంలో సియాటిల్ దగ్గరున్న రెడ్మండ్ అంటే మనవాళ్లకు మైక్రోసాఫ్ట్. ఆ ఊళ్లోని తక్కువ ఆదాయం వాళ్ల కోసం అమెరికా కేంద్ర ప్రభుత్వం ఏటా నిధులిస్తుందంటే, ఇక్కడే ఏళ్లుగా ఉంటున్న స్నేహితులు కూడా నమ్మరు. ఆ డబ్బులో కొంత మా సంస్థకు వస్తుంది, దాని లెక్క రాసేది నేను. గుంటూరులో బీకాం చదివి, మా ఆయన వెంట డిపెండెంట్ వీసా మీద వచ్చి, 2015లో ఆ హెచ్4 వీసా వాళ్లలో కొందరికి పని అనుమతి దొరికాక, తిండికీ నీడకూ ఇబ్బంది పడే కుటుంబాలను ఆదుకునే ఒక స్వచ్ఛంద సంస్థలో అకౌంటెంటుగా చేరాను.

ఈ నిధులిచ్చే పథకం పేరు కమ్యూనిటీ డెవలప్‌మెంట్ బ్లాక్ గ్రాంట్, అందరూ సీడీబీజీ అంటారు. విడివిడిగా ఉన్న పాత గ్రాంట్లను కలిపి 1974లో చట్టం చేశారు. అప్పటి అధ్యక్షుడు ఫోర్డ్ సంతకం పెట్టారు. గృహ, పట్టణాభివృద్ధి శాఖ, అంటే మా ఆఫీసు భాషలో హడ్, ఈ సొమ్ము పంచుతుంది. మహానగర ప్రాంతంలో యాభై వేల జనాభా దాటిన నగరం నేరుగా తీసుకోవచ్చు. పెద్ద నగరాలను మినహాయించి రెండు లక్షల జనాభా ఉన్న కౌంటీ కూడా తీసుకోవచ్చు. కౌంటీ మన జిల్లాలాంటిదే కానీ కలెక్టరు ఉండడు, ఎన్నికైన ఎగ్జిక్యూటివ్, కౌన్సిల్ ఉంటారు.

2020 జనగణనలో రెడ్మండ్ జనాభా డెబ్బై మూడు వేల పైచిలుకు. అంటే సొంతంగా తీసుకునే అర్హత ఉంది. మా కింగ్ కౌంటీలోనే ఉన్న సియాటిల్, బెల్‌వ్యూ, కెంట్ అలాగే తీసుకుంటాయి. రెడ్మండ్, రెంటన్ లాంటివి మాత్రం కింగ్ కౌంటీతో ఉమ్మడి ఒప్పందం చేసుకున్నాయి. నగరం వాటా, కౌంటీ వాటా రెండూ కలిపి కౌంటీకే చేరతాయి. హడ్‌కు జవాబుదారీ కౌంటీయే. ఒప్పందం మూడేళ్లది, మధ్యలో బయటికి రావడం కుదరదు.

చేతికొచ్చే డబ్బును ఇంకొకరి ఖాతాలో వేయించుకోవడం ఏమిటని మొదట్లో నాకూ అనిపించింది. కాగితాలు చూశాక అర్థమైంది. పరిపాలన ఖర్చులకు గ్రాంటులో ఇరవై శాతం మించి వాడకూడదు. మూడు లక్షల డాలర్ల గ్రాంటు అనుకుంటే అరవై వేలు. ఈ ప్రాంతంలో ఆ డబ్బుకు ఒక్క మంచి ఉద్యోగి కూడా రాడు. చేయాల్సిన పని మాత్రం ముగ్గురికి సరిపడా ఉంటుంది. పైసా ఖర్చు పెట్టకముందే పర్యావరణ సమీక్ష పూర్తి కావాలి. నిర్మాణ పనయితే కూలీలకు నిర్ణీత వేతనం అందుతోందో లేదో వారం వారం పట్టీలు చూడాలి. ఏటా ప్రణాళిక, బహిరంగ విచారణలు, లబ్ధిదారుల ఆదాయ వివరాలు. కోటి రూపాయల గ్రాంటుకైనా వంద కోట్ల గ్రాంటుకైనా ఈ తంతు దాదాపు ఒకటే. అందుకే నగరం కౌంటీతో పంచుకునేది డబ్బుకన్నా ఎక్కువగా ఈ బరువునే అంటాను.

మా నాన్న తెనాలి దగ్గర మండల పరిషత్తు ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. ఫోన్‌లో ఇదంతా చెబితే ఆయన ఆశ్చర్యపోలేదు. "యూసీ, అదే డబ్బు ఖర్చయిందన్న ధ్రువపత్రం, వెళ్లకపోతే రెండో విడత రాదమ్మా, ఎక్కడైనా అంతే" అన్నారు. "ఇక్కడ మొదటి విడతే ఉండదు నాన్నా, ముందు మనం ఖర్చు పెట్టి బిల్లు పంపాలి" అంటే మాత్రం కాసేపు మాట్లాడలేదు.

ఒప్పందంలో నష్టం లేకపోలేదు. మా బిల్లు నగరాన్నీ కౌంటీనీ దాటి వెళ్లాలి. ఒక దగ్గర సరేనన్న రసీదును మరో దగ్గర తిప్పి పంపిన సందర్భాలున్నాయి. కాంగ్రెస్, అంటే ఇక్కడి పార్లమెంటు, బడ్జెట్ ఆలస్యం చేస్తే ఎవరి వాటా ఎంతో నెలల తరబడి తేలదు. ఆహారం, ఆశ్రయం లాంటి సేవలకు పదిహేను శాతం పరిమితి ఉంది. మాలాంటి సంస్థలన్నీ ఆ కొంచెం దగ్గరే తోసుకుంటాయి. ఈ పథకాన్నే ఎత్తేయాలని వైట్‌హౌస్ బడ్జెట్లలో ప్రతిపాదనలు కూడా వచ్చాయి. కాంగ్రెస్ ఇప్పటిదాకా డబ్బు ఇస్తూనే వచ్చింది.

ప్రాంత సగటు ఆదాయంలో, కచ్చితంగా చెప్పాలంటే మధ్యస్థ ఆదాయంలో, ఎనభై శాతం లోపు ఉన్నవాళ్లు అర్హులు. ఇటీవలి లెక్కల్లో ఇక్కడ నలుగురున్న కుటుంబానికి ఆ గీత లక్ష డాలర్ల పైనే. మన ఇళ్లలో కొడుకు దగ్గరున్న తల్లిదండ్రులు దరఖాస్తు చేస్తే ఇంట్లో అందరి ఆదాయమూ కలుపుతారు కాబట్టి సాధారణంగా అర్హత రాదు. వృద్ధుల కోసమే నడిచే కార్యక్రమానికైతే ఆ చిక్కు లేదు, అందరి ఆదాయ కాగితాలూ చూపనక్కరలేదు. ఇలాంటివి మన ఊరికి కావాలని అడిగే చోటు బహిరంగ విచారణ. ఏటా కనీసం రెండు జరపాలి. నేను వెళ్లినప్పుడు గదిలో కనబడేవాళ్లంతా మాలాంటి సంస్థల ఉద్యోగులే. దీపావళి సభకు హాలు పట్టనంత మంది వస్తాం, వీటికి మాత్రం ఒక్క తెలుగు మనిషీ రాడు.

ఈ ఏర్పాటులో ఒకటి మార్చమంటే, ఒప్పందం జోలికి వెళ్లను, బిల్లు డబ్బు చేతికొచ్చే ఆలస్యాన్ని మార్చమంటాను. బ్యాంకులో నిల్వ బాగా ఉన్న సంస్థ మూడు నెలలు ఆగగలదు, చిన్నది జీతాలు ఆపుకోవాల్సి వస్తుంది. కౌంటీకి సొంత ఖజానా ఉంది. చిన్న సంస్థల బిల్లులు ముందు అందులోంచి చెల్లించి, తరువాత హడ్ దగ్గర రాబట్టుకోవచ్చు. ఈ మాట పోయిన విచారణలో చెప్పాను. రాసుకున్నారు.