ఈస్టర్ సాయంత్రం పెద్దవాళ్ళ ఆటలు

ఈస్టర్ రోజున మా వైపు పండుగ పొద్దెక్కక ముందే అయిపోతుంది. మాది రేపల్లె దగ్గర పల్లె, లూథరన్ సంఘం. ముందురోజే సమాధులకు సున్నాలు వేసి ఉంచుతాం. తెల్లవారుజామున చీకటితోనే లేచి, మల్లెపూలు, కొవ్వొత్తులు తీసుకుని సమాధుల తోటకు వెళ్తాం. ఎవరి వాళ్ళ దగ్గర వాళ్ళు దీపం పెట్టుకుని, పాట పాడుకుని, అక్కడి నుంచి గుడికి వచ్చి ప్రభాత ఆరాధన చేసుకుంటాం. ఎండ ముదిరేసరికి అందరూ ఇళ్ళలో ఉంటారు. మధ్యాహ్నం పలావు, కోడికూర. హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి వచ్చిన పిల్లలు నిద్ర చాలక పడుకుంటారు. లేవగానే బ్యాగులు సర్దుకుంటారు, తెల్లారితే ఆఫీసు కదా. ఇంట్లో పెద్దవాళ్ళకు మాత్రం ఆ మధ్యాహ్నం ఎంతకీ గడవదు. పొద్దున సమాధి దగ్గర చూసి వచ్చిన పేరే వాళ్ళ మనసులో తిరుగుతూ ఉంటుంది.

అందుకే మా స్త్రీల సమాజం వాళ్ళం ఈస్టర్ సాయంత్రం గుడి ఆవరణలో పెద్దవాళ్ళ కోసం ఒక కూడిక పెడుతున్నాం. వేపచెట్ల కింద కుర్చీలు, మజ్జిగ, ఆటలు. నేను ఆస్పత్రిలో నర్సుగా పనిచేసి రిటైరయ్యాను కాబట్టి ఆటల బాధ్యత నా మీద పెట్టారు. ఎవరైనా తమ సంఘంలోనో, వృద్ధాశ్రమంలోనో, ఇంట్లోనో చేసుకుంటారని ఇది రాస్తున్నాను.

నేను గట్టిగా పట్టుకున్న నియమం ఒకటుంది. మా ఆటల్లో ‘ఔట్’ లేదు. డెబ్బై ఎనభై ఏళ్ళ మనిషిని ఔట్ అని పక్కన కూర్చోబెట్టడం నాకు నచ్చదు. పని నుంచి, పొలం నుంచి, కొన్ని ఇళ్ళలో మాట నుంచి కూడా వాళ్ళను ఇప్పటికే పక్కన పెట్టేశాం. అందుకే మ్యూజికల్ చైర్స్ మా దగ్గర ఉండదు. బుర్ర మీద కుందేలు చెవులు పెట్టి ఫొటోలు తీయడం అసలే ఉండదు. వాళ్ళు మన పెద్దవాళ్ళు, చిన్నపిల్లలు కారు.

మొదటిసారి పిలిచినప్పుడు రిటైర్డ్ లెక్కల మాస్టారు ఒకాయన, “పండుగ పూట ఆటలేంటమ్మా? పాస్టరు అయ్యగారి చేత నాలుగు మాటలు చెప్పించండి, విని వెళ్తాం” అన్నారు. “వాక్యంతోనే ఆడతాం మాస్టారూ, లెక్క రాయడానికి మీరు కావాలి” అన్నాను. ఆ మాటతో సండే స్కూలు బ్లాక్‌బోర్డు దగ్గర కుర్చీ వేయించుకున్నారు. ఇప్పుడు ఆ కుర్చీ ఆయనదే.

ఆయన రాసే లెక్క చేపలది. యోహాను సువార్త 21వ అధ్యాయంలో, మరణం నుంచి లేచిన యేసు ప్రభువు తిబెరియ సముద్రం ఒడ్డున శిష్యులకు కనబడతాడు. రాత్రంతా ఏమీ పడని వల కుడివైపు వేయమంటాడు. 153 పెద్ద చేపలు పడతాయి, అయినా వల చినగదు. ఆ భాగం చదివాక మా ఆట మొదలవుతుంది. ఒక్కొక్కరు ఒక చేప పేరు చెప్పాలి. చెప్పిన పేరు మాస్టారు బోర్డు మీద రాస్తారు, ఒక పిల్లాడు కుండలో ఒక చింతపిక్క వేస్తాడు. అందరం కలిసి 153 చేరాలి. ఒకరి మీద ఒకరికి పోటీ లేదు, గుర్తు రాకపోతే పక్కవాళ్ళు అందిస్తారు.

కృష్ణ ఒడ్డున, సముద్రానికి దగ్గరగా పుట్టి పెరిగినవాళ్ళకు చేపల పేర్లు ఒకరు నేర్పాలా! కొర్రమీను, మట్టగిడస, బొమ్మిడాయి, జెల్ల, ఇంగిలాయి, వాలుగ, పండుగప్ప, చందువా, మాగ, వంజరం, సావిడాయి, కానాగంత, నెత్తళ్ళు, టేకు, పాలసొర. రొయ్యను చేపల్లో వేయాలా వద్దా అని ఏటా తగువే. ‘వలలో పడింది కదా, వేసెయ్యండి’ అని ఒక వర్గం, ‘పొలుసు లేనిది చేపెట్లా అవుద్ది’ అని ఇంకో వర్గం. ‘మరి జెల్లకు పొలుసుందా’ అని అవతలి వాళ్ళు అడుగుతారు. పేరుతో పాటు కథ కూడా వస్తుంది. కాలవలో చీర కొంగుతో పరిగెలు పట్టిన సంగతి, బొమ్మిడాయిల పులుసు మామిడికాయ వేసి వండితే అత్తగారు మెచ్చుకున్న సంగతి, ఉప్పెన తర్వాత చాలా రోజులు చేప ముట్టని సంగతి. 1977 ఉప్పెన చూసినవాళ్ళు మాలో ఇంకా ఉన్నారు. ఆ మాట వచ్చినప్పుడు ఆట ఆపేస్తాం, చెప్పుకోనిస్తాం, తొందరపెట్టం. తర్వాత ఎవరో ఒకరు ఇంకో చేప పేరు అందుకుంటారు.

153 ఎప్పుడూ చేరలేదు. చేరకపోయినా ఎవరికీ లోటనిపించలేదు. పేర్లు తగ్గిపోయాక, అదే అధ్యాయంలో ఒడ్డున నిప్పుల మీద చేపలు, రొట్టె పెట్టి ప్రభువు పిలిచిన భాగం చదువుతాం. వెంటనే ఏ చేప కాల్చుకుంటే బాగుంటుందన్న మాట పుడుతుంది. దానికి ఇంకో పావుగంట.

మీది సముద్రం దగ్గర ఊరు కాకపోతే వేరే జాబితా పెట్టుకోవచ్చు. పాత వరి రకాల పేర్లు, పూల పేర్లు, పక్షుల పేర్లు. వాళ్ళకు తెలిసి మన పిల్లలకు తెలియనిదైతే చాలు.

ఇక గుడ్లు. మా పల్లెల్లో ఈస్టర్‌కు గుడ్ల వాడుక పెద్దగా లేదు. బేకరీల్లో చేసే చాక్లెట్ గుడ్లు మాలో సగం మందికి షుగర్ వల్ల పనికిరావు. అందుకని కోడిగుడ్లే ఉడకబెట్టి రంగు వేస్తాం. ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమల కాలమంతా ఉల్లిపొట్టు దాచుతాం. డజను గుడ్లకు పది పన్నెండు ఉల్లిపాయల ఎండు పొట్టు సరిపోతుంది. తెల్లగుడ్డు మీద కరివేపాకో మునగాకో కొత్తిమీర రెబ్బో అతికించి, పలచని పాత నూలుగుడ్డ ముక్కలో బిగించి దారంతో కడతాం. పొట్టు వేసిన నీళ్ళలో రెండు చెంచాల వెనిగర్ పోసి, సన్న సెగ మీద ఉడికిస్తాం. చల్లారాక గుడ్డ విప్పితే, ఇటుక రంగు గుడ్డు మీద ఆకు బొమ్మ తెల్లగా కనిపిస్తుంది. పసుపు వేస్తే పసుపుపచ్చ, బీట్‌రూట్ వేస్తే గులాబీ రంగు వస్తుంది కానీ ఉల్లిపొట్టంత బాగా పట్టదు. ఆకు ఎంచి అతికించడం పెద్దవాళ్ళ పని. వేళ్ళు వంగనివాళ్ళకు ముడి పక్కవాళ్ళు వేస్తారు. ఈ పని గుడి వరండాలో చేస్తాం, మూడింటికి ముందు మొదలుపెట్టం, ఎందుకంటే ఉడికిన గుడ్డు బయట రెండు గంటలకు మించి ఉంచకూడదు. మా ఎండలకు ఇంకా ముందే తినేయడం మంచిది.

ఆ గుడ్లతో ఆడే ఆట గ్రీకు క్రైస్తవులది. వాళ్ళు ఈస్టర్‌కు గుడ్లకు ఎర్ర రంగు వేస్తారు, క్రీస్తు రక్తానికి గుర్తుగా. ఒకరు గుడ్డు నిలబెట్టి పట్టుకుంటే ఇంకొకరు తమ గుడ్డు మొనతో దాని మొన మీద చిన్నగా కొడతారు. కొట్టేటప్పుడు ఒకరు “క్రీస్తు లేచెను” అంటే ఇంకొకరు “నిజముగా లేచెను” అనాలి. ఎవరి గుడ్డు చితికితే వాళ్ళు దాన్ని తిరగేసి రెండో కొసతో ఆడతారు. అదీ చితికితే ఒలుచుకుని ఉప్పు, మిరియాల పొడి అద్దుకుని తినేస్తారు. కూర్చున్నచోటే ఆడొచ్చు, బలం అక్కర్లేదు, చూపు మందగించినవాళ్ళూ చేత్తో తడిమి ఆడగలరు. ఈ ఆటకు మా దగ్గర ఉన్నంత గిరాకీ దేనికీ లేదు. ఏళ్ళుగా ఎవరితోనూ పెద్దగా మాట్లాడని ఒక పెద్దాయన, “నా గుడ్డు ఇంకా ఉంది, రండి ఎవరొస్తారో” అని కేక పెట్టడం నేను విన్నాను.

గుడ్లు దాచి వెతికే ఆట కూడా పెట్టుకోవచ్చు కానీ నేల మీద, కుర్చీల కింద ఏదీ దాచొద్దు. వంగి లేచేటప్పుడు కళ్ళు తిరిగి పడిపోయేవాళ్ళను ఆస్పత్రిలో చాలామందిని చూశాను. నడుము ఎత్తుకు పైన, కళ్ళ ఎత్తుకు లోపల పెట్టండి. కిటికీ గూళ్ళు, వేపకొమ్మ పంగ, ఉట్టి, గోడకు తగిలించిన సంచి. మేము గుడ్లకు బదులు గుడ్డ పొట్లాలు పెడతాం. లోపల వేయించిన శనగలు, ఒక ఖర్జూరం, రెండు మల్లెలు, పెద్ద అక్షరాలతో రాసిన ఒక వాక్యం. అందరికీ పొట్లం దొరికేదాకా ఆట నడుస్తుంది.

నా మనసుకు అన్నిటికంటే దగ్గరైనది ఎమ్మాయు నడక. లూకా సువార్త 24వ అధ్యాయంలో ఇద్దరు శిష్యులు, వాళ్ళలో ఒకాయన పేరు క్లెయొపా, యెరూషలేము నుంచి ఆమడ దూరంలోని ఎమ్మాయుకు దిగులుగా నడుస్తుంటారు. మూడో మనిషి వచ్చి కలిసి, ఏం మాట్లాడుకుంటున్నారని అడుగుతాడు. ఆయన లేచిన ప్రభువేనని రొట్టె విరిచినప్పుడు గానీ వాళ్ళు గుర్తుపట్టరు. మేము ఆమడ నడవం, గుడి చుట్టూ ఒక్క ప్రదక్షిణ. ఇద్దరిద్దరు పెద్దవాళ్ళు, వాళ్ళతో యూత్ నుంచి ఒక అబ్బాయో అమ్మాయో. ఆ మూడో మనిషి పని అడగడం, వినడం. “మీ పెళ్ళికి గుడికి ఎట్లా వచ్చారు తాతయ్యా?” “ఈ ఏడు ఎవరు లేక కష్టంగా ఉంది పిన్నమ్మా?” ఇలాంటి ప్రశ్నలు ముందే నేర్పుతాం. నడవలేనివాళ్ళను వీల్‌చైర్‌లో తిప్పుతాం, అదీ కుదరకపోతే మూడో మనిషే వచ్చి వాళ్ళ పక్కన కూర్చుంటాడు. తిరిగి వచ్చాక జత జతకీ ఒక రొట్టె ఇస్తాం, విరిచి పంచుకుంటారు.

జతలు నేనే ఆలోచించి కలుపుతాను. మురుగుకాలవ గొడవతో మాటలు లేని ఇద్దరు ఇరుగుపొరుగు ఆడవాళ్ళను ఒకసారి జత చేశాను. కాలవ సంగతి తేలిందో లేదో నాకు తెలియదు. మోకాళ్ళ నొప్పులకు ఎవరు ఏ తైలం రాస్తున్నారో మాత్రం ఇద్దరూ గట్టిగా చెప్పుకుంటూ వచ్చారు. మాతో నడిచిన ఇంటర్ చదివే అమ్మాయి ఒకతి తర్వాత తన నాయనమ్మ పెళ్ళి కథ అడిగి నోట్‌బుక్‌లో రాసుకుంది.

కీర్తనల ఆట అందరికీ తెలిసిందే. హార్మోనియం మీద మొదటి వరస వాయిస్తే పాట పట్టుకోవాలి. మా పుస్తకంలో చాలా కీర్తనల మీద రాగం, తాళం అచ్చేసి ఉంటాయి, రాగం పేరు చెప్పి కూడా ఆడించవచ్చు. మతిమరుపు జబ్బు ముదిరి కొడుకు పేరు తడుముకునే ఒక అమ్మమ్మ, చిన్ననాడు నేర్చిన కీర్తన మాత్రం చరణాలతో సహా పాడేస్తుంది. పాట జ్ఞాపకం చాలామందిలో చివరిదాకా నిలుస్తుంది. అలాంటివాళ్ళను ‘నేనెవరో చెప్పు’ అని పరీక్షించకండి, పాట అందుకోండి.

ఈస్టర్‌కు ముందటి మట్టల ఆదివారం తెచ్చిన కొబ్బరాకులు పారేయకుండా నీళ్ళు చల్లి ఉంచితే వారం తర్వాతా పనికొస్తాయి. వాటితో పెద్దవాళ్ళు పిల్లలకు బూరలు, చిలకలు, చేతి గడియారాలు చేయడం నేర్పుతారు. ఆ గంటసేపు ఆవరణంతా బూరల మోతే. వామనగుంటలు, అష్టాచెమ్మా పీటలు ఒక మూల వేసి ఉంచుతాం, ఇష్టమైనవాళ్ళు కూర్చుంటారు. ఆడకుండా చూస్తామన్నవాళ్ళను బలవంతం చేయం.

ఏర్పాట్ల గురించి నాలుగు మాటలు. కుర్చీలకు చేతులు ఉండాలి. ప్లాస్టిక్ కుర్చీలు నున్నటి గచ్చు మీద జారతాయి, మట్టి నేల మీదో గోడకు ఆనించో వేయండి. మైకు వద్దు, చెవి మిషను పెట్టుకున్నవాళ్ళకు అది రొద. అర్ధచంద్రంలో కూర్చోబెట్టి ఎదురుగా నిలబడి నెమ్మదిగా మాట్లాడితే వినబడుతుంది. బాత్రూమ్‌కు దారి దగ్గరగా, లైటు వెలుగుతూ ఉండాలి. షుగర్ ఉన్నవాళ్ళు ఏ వేళకు తింటారో ముందే కనుక్కోండి. చీకటి పడకముందే ఇళ్ళకు చేర్చండి. బహుమతి పెడితే అందరికీ ఒకటే పెట్టండి.

మంచం మీద ఉన్నవాళ్ళను మేము వదలం. మర్నాడు సోమవారం పొద్దున ఇద్దరు ముగ్గురం, అప్పుడే ఉడికించిన ఆకుబొమ్మ గుడ్లు రెండు తీసుకుని వాళ్ళ ఇళ్ళకు వెళ్తాం. మంచం మీదే గుడ్డు పోటు ఆడతాం. చెయ్యి లేవకపోతే గుడ్డు వాళ్ళ అరచేతిలో ఉంచి మనమే మెల్లగా తగిలించాలి. నోటమ్మట మాట రానివాళ్ళు కూడా ‘నిజముగా లేచెను’ దగ్గర పెదవులు కదుపుతారు. మింగడం కష్టమైనవాళ్ళకు గుడ్డు తినిపించకండి, ఆటవరకే.

వేళ సంగతి కూడా ముందే చూసుకోండి. ఈస్టర్ మార్చి 22 నుంచి ఏప్రిల్ 25 మధ్యలో ఎప్పుడైనా వస్తుంది. 2025లో ఏప్రిల్ 20న వచ్చింది, ఎండకు అయిదున్నర దాకా బయట కూర్చోలేకపోయాం. 2027లో మార్చి 28నే వస్తుంది కాబట్టి నాలుగున్నరకే మొదలుపెట్టొచ్చు. మీ సంఘాల్లో పెద్దవాళ్ళు ఆడే ఆటలేవైనా ఉంటే కింద రాయండి. ముఖ్యంగా మెదక్, దోర్నకల్ వైపు వాళ్ళు, ఒంగోలు, నెల్లూరు బాప్టిస్టులు. ఆవలి ఒడ్డున దివిసీమ వాళ్ళు మాత్రం మాకు ఇంకా పడని చేపల పేర్లు పంపండి. మాస్టారు బోర్డు మీద బోలెడు ఖాళీ ఉంది.