నూనె చుక్కకు లొంగని కిర్రు

ఆ కిర్రు మా టేప్ రికార్డర్‌దే అనుకున్నాను. ఇరవై ఏళ్ల పైనే అలా అనుకుంటూ బతికేశాను.

మా బాబాయి కాపీ చేసి ఇచ్చిన 90 నిమిషాల క్యాసెట్ అది. ఏ సైడ్ లెడ్ జెప్లిన్ అనే ఇంగ్లిష్ రాక్ బ్యాండ్ రెండో ఆల్బమ్, బీ సైడ్ మూడోది. ఒక్కోటి 45 నిమిషాల లోపే కాబట్టి అతికినట్టు సరిపోయాయి. బీ సైడ్‌లో నాలుగో పాట 'సిన్స్ ఐవ్ బీన్ లవింగ్ యూ'. నెమ్మదిగా నడిచే బ్లూస్. గిటారూ ఆర్గానూ గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నట్టుంటే వెనకాల సన్నగా కిర్రు... కిర్రు... నూనె లేని తలుపులా.

"మోటార్‌లో నూనె ఇంకిపోయిందేమోరా, ఒక్క చుక్క వెయ్యి" అన్నాడు బాబాయి. కుట్టు మిషన్ నూనె వేశాను. అది కాస్తా రబ్బరు బెల్టు మీద పడి, బెల్టు జారి, రెండ్రోజులు పాటలన్నీ నత్తనడక నడిచాయి. కిర్రు మాత్రం పోలేదు.

బ్యాండ్ గిటారిస్టు జిమ్మీ పేజ్ దగ్గరుండి చేయించిన రీమాస్టర్లతో, అంటే పాత టేపు శబ్దాన్నే సరిదిద్దిన కాపీలతో, మొదటి మూడు ఆల్బమ్‌లూ 2014 జూన్‌లో మళ్లీ వచ్చాయి. నేను వాటి దగ్గరికి చేరింది చాలా ఆలస్యంగా. మొన్న వారం రోజులు రాత్రిళ్లు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వరసగా విన్నాను. నాలుగో పాట మొదలైంది. కిర్రు! మునుపటి కన్నా శుభ్రంగా, డ్రమ్స్ ఉన్న చోటి నుంచే. పాట ఆపేసి నవ్వుకున్నాను.

అది బ్యాండ్ డ్రమ్మర్ జాన్ బోనమ్ పెద్ద డ్రమ్ముని కొట్టడానికి కాలితో తొక్కే పెడల్ చప్పుడు. ఆయన వాడిన స్పీడ్ కింగ్ పెడల్‌కి డ్రమ్మర్లు 'స్క్వీక్ కింగ్' అని ముద్దుపేరు పెట్టుకున్నారంటే దాని గొంతెలాంటిదో ఊహించుకోండి. విన్న ప్రతిసారీ ఆ కిర్రు ఇంకా పెద్దగా వినిపిస్తోందని పేజ్ కూడా ఒకసారి వాపోయాడు. మరి తీసెయ్యొచ్చు కదా? రీమాస్టర్ అంటే పాటను మళ్లీ మిక్స్ చేయడం కాదు. అన్నీ కలిపేసిన రెండు ఛానళ్ల టేపు మీదే పని. అందులో డ్రమ్స్‌ని విడిగా పట్టుకోలేం, పెడల్ సంగతి చెప్పనే అక్కర్లేదు. కిర్రుని గట్టిగా రుద్దితే గిటార్ మెరుపూ పోతుంది. ఉంచేశారు. మంచి పని చేశారు.

ఆ వారమంతా మా టేప్ రికార్డర్‌కి వరసపెట్టి క్షమాపణలు చెప్పుకోవాల్సి వచ్చింది. రెండో ఆల్బమ్‌లోని 'హోల్ లాటా లవ్' చివర్లో వాయిద్యాలన్నీ ఆగి గాయకుడు రాబర్ట్ ప్లాంట్ ఒక్కడే పాడేటప్పుడు, అసలు గొంతు కన్నా ముందే దాని నీడలాంటి గొంతొకటి వినిపిస్తుంది. మా క్యాసెట్‌లో ఒక చుట్ట శబ్దం పక్క చుట్టకి అంటుకుందనుకునేవాణ్ణి. కాదు, అది అసలు టేపులోదే. మిక్స్ చేసిన ఎడ్డీ క్రేమర్, పేజ్ కలిసి దాన్ని వదిలించుకోలేక మీద ఇంకాస్త రీవర్బ్, అంటే ప్రతిధ్వని, పోసి అందంగా మార్చేశారు. మూడో ఆల్బమ్‌లోని 'టాంజరిన్' మొదట్లో గిటార్ మొదలై, ఆగి, మళ్లీ మొదలవడం బాబాయి పాజ్ బటన్‌తో చేసిన నిర్వాకం కాదు. అదే ఆల్బమ్ ఆఖరి పాటలో గొంతు వణికేది బ్యాటరీలు అయిపోయి కాదు, ప్లాంట్ గొంతుని వైబ్రాటో ఉన్న యాంప్లిఫయర్ గుండా పంపించారు కాబట్టి. ఆ పాట కోసం ఎన్ని బ్యాటరీలు మార్చానో!

రీమాస్టర్ అనే మాట వింటేనే నాకు అనుమానం. చాలాసార్లు సౌండ్ పెంచేసి, మెల్లగా ఉండాల్సినదాన్నీ గట్టిగా ఉండాల్సినదాన్నీ ఒకే ఎత్తుకి తెచ్చి, కొత్తగా చేశామంటారు. ఎవరైనా పోల్చి చూడాలనుకుంటే ముందు రెండిటి వాల్యూమూ సమానం చేసుకోండి. కాస్త గట్టిగా ఉన్నదే బాగుందని చెవి మోసపోతుంది. వీటిలో ఆ గోల తక్కువే. మొదటి ఆల్బమ్‌ని 1968లో లండన్ ఒలింపిక్ స్టూడియోలో మొత్తం 36 గంటల్లో ముగించామంటాడు పేజ్. ఆ తొందర, ఆ గది ఖాళీ, రెండూ ఇప్పుడు బాగా తెలుస్తున్నాయి. దాంతో పాటిచ్చిన 1969 అక్టోబర్ ప్యారిస్ కచేరీ డిస్క్ మాత్రం నేను ఒక్కసారి విని పక్కన పెట్టాను. రేడియో రికార్డింగ్, గరగర ఎక్కువ.

ఇక మిగిలింది మూడో ఆల్బమ్‌లోని 'దట్స్ ద వే'. నా క్యాసెట్‌లో సరిగ్గా ఆ పాట దగ్గర టేపు ఒకసారి చక్రాల్లో చిక్కుకుంది. పెన్సిల్‌తో తిప్పి లాగినా మడత పోలేదు. ఒక లైను మధ్యలో గొంతు నీళ్లలో మునిగి పైకి తేలేది. ఈసారి మాత్రం తప్పు నిజంగా మాదే. రీమాస్టర్‌లో ఆ లైను గాజులా తేటగా వెళ్లిపోయింది. పది సెకన్లు వెనక్కి జరిపి మళ్లీ విన్నాను. మునగలేదు. ఇంకోసారి జరిపాను.