అది పుస్తకంలో లేదు కదా మిస్, రాయొచ్చా?

కుండలో గులకరాళ్లు వేసి నీళ్లు పైకి తెచ్చుకున్న కాకి కథ మనందరికీ తెలిసిందే. అమెరికాలో డాలస్‌కి ఉత్తరాన నేను చెప్పే బడిలో థర్డ్ గ్రేడ్ పిల్లలకి ఆ కథే ఇచ్చి, "ఈ కాకికి ఓపిక ఉందా? ఎలా చెప్పగలవు?" అని అడిగాను. కథలో ఓపిక అన్న మాట ఎక్కడా లేదు. అందుకే ఆ ప్రశ్న ఎంచుకున్నాను.

కార్పెట్ మీద ముందు వరసలో కూర్చున్న పాప వెంటనే చెయ్యెత్తింది. "ఉంది. కాకులు చాలా తెలివైనవి, నేను యూట్యూబ్‌లో చూశాను" అంది. దాని పక్కన ఆగస్టులో హైదరాబాద్ నుంచి వచ్చిన తెలుగు అబ్బాయి. వాడు నోరు విప్పలేదు, కాగితం మీద రాసిచ్చాడు. కథలో మొదటి మూడు వాక్యాలు, కామా కూడా పోకుండా ఎత్తి రాశాడు. పాప జవాబు చెప్పింది గానీ అది కథలోంచి రాలేదు. వాడు రాసిందంతా కథలోదే, అందులో జవాబు లేదు.

ఆ కాగితం చూసి నా మనసు చివుక్కుమంది. అలా రాయడం నేర్పింది నాలాంటి టీచర్లే. ఖమ్మంలో ఒక ప్రైవేటు స్కూల్లో ఆరేళ్లు ఇంగ్లీషు చెప్పాను. పాఠం అయిపోగానే పిల్లల చేత పెన్సిల్ పట్టించి, "ఫస్ట్ క్వశ్చన్ ఆన్సర్ ఇక్కణ్ణుంచి ఇక్కడిదాకా, బ్రాకెట్ పెట్టుకోండి" అనేదాన్ని. ప్రశ్నలో ఉన్న మాట ఏ లైన్లో ఉంటే ఆ లైనే జవాబు. 50 మంది పిల్లలు, సిలబస్ టెన్షన్, మార్కులు. పిల్లలు పాసయ్యారు. ఆ లైను ఎందుకు జవాబవుతుందో మాత్రం నేను ఒక్కరినీ అడగలేదు.

ఇక్కడ అడగక తప్పదు. మా టెక్సస్ రాష్ట్రంలో థర్డ్ గ్రేడ్ నుంచే ఏటా స్టార్ అనే రాష్ట్రస్థాయి పరీక్ష ఉంటుంది. 2023 నుంచి రీడింగ్ పరీక్షలో పిల్లలే సొంతంగా టైప్ చేయాల్సిన చిన్న జవాబులు వచ్చాయి. ఒక్కోదానికి 2 పాయింట్లు. జవాబు సరిగ్గా ఉండి, పాఠంలోని ఆధారం కూడా చూపిస్తేనే రెండూ వస్తాయి. ఏ క్లాసులో పిల్లలకి ఏం రావాలో చెప్పే ఉమ్మడి ప్రమాణాలు, కామన్ కోర్ అంటారు, 2010లో వచ్చాయి. వాటిని చాలా రాష్ట్రాలు తీసుకున్నాయి, టెక్సస్ తీసుకోలేదు. అయినా ఆధారం చూపించాలన్న విషయంలో ఇద్దరి మాటా ఒకటే. మా గది గోడ మీద రేస్ అని ఒక చార్ట్ ఉంటుంది, జవాబు రాసే నాలుగు మెట్ల ఇంగ్లీషు పేర్లలోని మొదటి అక్షరాలవి. ప్రశ్నని నీ మాటల్లోకి తెచ్చుకో, జవాబు చెప్పు, పాఠంలోంచి ఆధారం చూపించు, ఆ ఆధారం నీ జవాబుని ఎలా నిలబెడుతుందో వివరించు. పిల్లలు ముందుగా పేరాలకి నంబర్లు వేసుకుంటారు. హైలైటర్ ఇస్తే మొదట్లో పేజీ అంతా పసుపే. ఒక్క వాక్యమే గీయాలి అంటే ఏది వదలాలో తెలియక తల్లడిల్లుతారు. అసలు చదువు అక్కడే జరుగుతుందని నా నమ్మకం.

మొదటి ఏడాది నా క్లాసు చూడ్డానికి వచ్చిన సీనియర్ టీచర్ ఒక మాట అన్నారు. పిల్లలు వెతికేలోపే నా వేలు ఆ లైను మీదకి వెళ్లిపోతోందట. ఖమ్మం అలవాటు. ఇప్పుడు ప్రశ్న అడిగాక చేతులు వెనక్కి కట్టుకుని మనసులో పది లెక్కపెడతాను.

అక్టోబరులో ఆ అబ్బాయి వాళ్లమ్మ కలవడానికి వచ్చింది. "మేడం, వాడు అక్కడ ఎప్పుడూ క్లాస్ ఫస్టేనండీ. ఇంగ్లీషు కూడా బాగానే చదువుతాడు. మరి ఇక్కడ మార్కులెందుకు రావట్లేదు?" గొంతులో భయం తెలుస్తోంది. నాకు సందర్భసహిత వ్యాఖ్యలు గుర్తొచ్చాయి. "మనకి వాక్యం వాళ్లే ఇచ్చి, ఏ సందర్భంలోదో, భావమేంటో రాయమనేవాళ్లు కదండీ. ఇక్కడ అది తిరగేసి అడుగుతారు. భావం మీవాడు చెప్పాలి, దానికి తగ్గ వాక్యం కూడా వాడే వెతుక్కోవాలి" అన్నాను. ఆవిడ మొహం తేటపడింది. ఇంట్లో తెలుగు కథ చెప్పినా సరే, "నీకలా ఎందుకనిపించింది?" అని అడగమన్నాను. ఆలోచించడం ఏ భాషలో అలవాటైనా ఇంగ్లీషులో కూడా పనికొస్తుంది. ఇది నేను మా క్లాసులోనే చాలామంది పిల్లల్లో చూశాను.

మర్నాడు వాణ్ణి నా టేబుల్ దగ్గర కూర్చోబెట్టుకుని తెలుగులోనే మొదలుపెట్టాను.

"కాకి ఏం చేసింది నాన్నా?"

"రాళ్లు వేసింది."

"అన్నీ ఒకేసారి వేసిందా?"

కాగితం దగ్గరికి లాక్కుని వేలు పెట్టి వెతికాడు. నా చేతులు ఒళ్లోనే ఉన్నాయి. చాలాసేపటికి మూడో పేరా దగ్గర ఆగాడు. "లేదు మిస్, ఒక్కోటి ఒక్కోటి వేసింది."

"అలా వేస్తే ఏమవుతుంది?"

"లేటవుతుంది. దాహం వేస్తోంది కదా. అయినా ఎగిరిపోలేదు."

చెప్పేసి నా వైపు అనుమానంగా చూశాడు. "అయినా ఎగిరిపోలేదు అని పుస్తకంలో లేదు కదా మిస్, రాయొచ్చా?"

రాయొచ్చు నాన్నా అన్నాను. ల్యాప్‌టాప్ తెరిచి, ముందు మూడో పేరాలోని వాక్యం చూసి టైప్ చేశాడు. తర్వాత కాగితం బోర్లించి పక్కన పెట్టి, స్పెల్లింగ్ రెండుసార్లు చెరుపుకుంటూ తన వాక్యం మొదలుపెట్టాడు.