పద్నాలుగో పేరు

మన కాలేజీ నుంచి ఇంటర్ కాలేజియేట్ మీట్‌కి ఒక్కో ఏడు ఇద్దరే వెళ్లేవాళ్లు. పీడీ సార్ సంతకం, ప్రిన్సిపాల్ ముద్ర ఉన్న ఎంట్రీ ఫారం, ఐడీ కార్డు, తువ్వాల్లో చుట్టిన స్పైక్స్, బస్సు చార్జీలు. అంతే సరంజామా. సున్నంతో గీసిన లేన్‌లో మనవాడు ముందొస్తే కప్పు మనది. మిగతా కాలేజీ క్యాంటీన్‌లో కూర్చుందా, క్లాసులో కూర్చుందా అని అడిగే నాథుడు లేడు.

తేజస్విన్ శంకర్ కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ తరఫున 2018లో, మళ్లీ 2022లో అమెరికా కాలేజీల హై జంప్ టైటిల్ గెలిచాక ఆ దారి మన జూనియర్ల కళ్లకీ ఆనుతోంది. సంచిక వాళ్లు ఆటల మీద ఏదైనా రాయమన్నారు కనుక, ఆ దారిలో వెళ్లేవాళ్లకి ముందుగా కనపడని ఒక గుంట గురించి రాస్తాను. అక్కడ మీరెంత వేగంగా పరిగెత్తారన్నదొక్కటే లెక్క కాదు. మీతో పాటు ఎంతమంది బరిలోకి దిగారన్నది కూడా లెక్కే. ఆ రెండో లెక్క తప్పితే మొదటిది ఎందుకూ కొరగాదు.

అమెరికా కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏలో పై మెట్టు డివిజన్ వన్. అందులో ఉండాలంటే కాలేజీ కనీసం 14 ఆటల్లో జట్లు నడపాలి. పెద్ద అమెరికన్ ఫుట్‌బాల్ జట్లున్న కాలేజీలైతే 16. ఇక్కడే ట్రాక్‌కి ఒక సౌలభ్యం ఉంది. క్రాస్ కంట్రీ, అంటే ట్రాక్ బయట గడ్డి మీద, గుట్టల మీద దూరం పరుగు, ఒక ఆట, ఇండోర్ ట్రాక్ ఇంకో ఆట, అవుట్‌డోర్ ట్రాక్ మూడో ఆట. మగపిల్లలకి మూడు, ఆడపిల్లలకి మూడు, మొత్తం ఆరు. అంటే 14లో ఆరు ఆటలు ఇంచుమించు అవే కాళ్లతో గడిచిపోతాయి. 1972 నాటి టైటిల్ నైన్ చట్టం కింద ఆడపిల్లలకి ఎన్ని అవకాశాలిచ్చారో చూపించాల్సి వచ్చినప్పుడు కూడా, మూడు సీజన్లూ పరిగెత్తిన అమ్మాయి మూడుసార్లు లెక్కకొస్తుంది. అందుకే సొంత ట్రాక్ కూడా లేని చిన్న కాలేజీలు పది పన్నెండు మంది దూరం పరుగుల పిల్లల్ని పెట్టుకుని మూడు ఆటలూ నడుపుతున్నామనేవి. కాగితం మీది ఈ జట్లకి అడ్డుకట్టగా పుట్టిందే కనీస పాల్గొనే నియమం. ప్రతి ఆటకీ సీజన్లో ఇన్ని పోటీలని ఒక లెక్క, ప్రతి పోటీలో ఇంతమందని ఇంకో లెక్క. డివిజన్ వన్‌లో క్రాస్ కంట్రీకి కనీసం ఐదుగురు. ట్రాక్‌కి, ఇండోర్ అయినా అవుట్‌డోర్ అయినా, 14 మంది. అబ్బాయిలకి వేరుగా, అమ్మాయిలకి వేరుగా. ఏదైనా మీట్‌లో పదముగ్గురే దిగితే ఆ మీట్ జరిగినట్టే, రికార్డులు రికార్డులే, పతకాలు పతకాలే; జట్టు లెక్కలో మాత్రం ఆ రోజు లేనట్టే.

నియమం ఉద్దేశం మంచిదే. తంటా అంతా తలల్ని లెక్కపెట్టే తీరులో ఉంది.

ఒకే అమ్మాయి 100 మీటర్లు, 200 మీటర్లు, లాంగ్ జంప్, పైగా రిలే చేసినా ఒక్క తలే. నలుగురు స్ప్రింటర్లు తలో రెండు వ్యక్తిగత పోటీలూ రెండు రిలేలూ పరిగెత్తితే ఫలితాల కాగితంలో వాళ్ల పేర్లు పదహారు చోట్ల కనిపిస్తాయి, లెక్కకి మాత్రం నలుగురే. చిన్న జట్టులో 14 ఎలా కూడుతుందో వేసి చూడండి. స్ప్రింట్లకీ హర్డిల్స్‌కీ కలిపి ఐదుగురు, 400, 800లకి ఇద్దరు, దూరం పరుగులకి నలుగురు, జంప్స్‌కి ఒకరు, త్రోస్‌కి ఇద్దరు. సరిగ్గా 14. ఒక్కరికి జ్వరమొస్తే పోయింది.

పేరు ఎంట్రీలో ఉంటే చాలదు. ఫలితాల్లో పేరు పక్కన డీఎన్ఎస్ అని పడిందంటే ఆ మనిషి గీత దగ్గరికే రాలేదని అర్థం. ఆ తల లెక్కలోకి రాదు. హై జంప్‌లో మూడు ప్రయత్నాలూ కర్ర పడగొట్టి ఎత్తేమీ నమోదు కాకపోయినా పరవాలేదు, పోటీ పడ్డట్టే. కాలేజీ జెర్సీ లేకుండా, సొంత ఖర్చుతో, అనటాచ్డ్‌గా దిగినవాళ్ల పేరు జట్టు లెక్కలో రాదు. ఈ మూడో రకం దగ్గరే కోచ్‌లు ఎక్కువ తడబడతారు. మొదటి ఏడు పిల్లల్ని రెడ్‌షర్ట్ చేసి, అంటే వాళ్ల సీజన్ ఖర్చు కాకుండా దాచి, మీట్‌లలో అనటాచ్డ్‌గా పరిగెత్తిస్తారు. మైదానంలో చూస్తే పద్దెనిమిది మంది. కాగితం మీద చూస్తే పన్నెండు.

ఏప్రిల్ నెల ఇంకో చిక్కు. ఆ నెలలో దూరం పరుగులవాళ్లు మంచి టైమింగ్ కోసం చల్లటి రాత్రి రేసులు వెతుక్కుంటూ కాలిఫోర్నియా వైపు పోతారు. అక్కడ మౌంట్ శాక్ రిలేస్ అనే పెద్ద మీట్ ఉంది. నెలాఖరుకి ఫిలడెల్ఫియాలో పెన్ రిలేస్, అయోవాలో డ్రేక్ రిలేస్. ఇరవై రెండు మంది ఉన్న జట్టు పదకొండు మంది చొప్పున రెండు వైపులా చీలిందనుకోండి. అథ్లెట్ల పరంగా చూస్తే అది తెలివైన పనే, ఎవరికి కావలసిన పోటీ వాళ్లకి దొరుకుతుంది. నియమం పరంగా మాత్రం ఏ వైపూ 14 లేదు. ఆ వారాంతం రెండు విమాన టికెట్ల ఖర్చు పెట్టి సంపాదించింది సున్నా.

ఇక ఒక మామూలు శనివారం ఎలా ఉంటుందో చూడండి. ఉదయం ఐదున్నరకి పదిహేను మందితో బస్సు బయల్దేరింది. ఒకరు ఎక్కువే, కోచ్ నిశ్చింతగా ఉన్నాడు. మైదానం చేరాక వార్మప్‌లో 200 మీటర్ల అమ్మాయికి తొడ వెనక కండరం పట్టేసింది. స్టీపుల్‌చేజ్ అమ్మాయి రాత్రి నుంచి వాంతులని చెప్పింది. పదముగ్గురు మిగిలారు. ఎంట్రీల గడువు వారం మధ్యలోనే ముగిసింది. అప్పటికప్పుడు కొత్త పేరు చేర్చాలంటే మీట్ నడిపేవాళ్ల దయ. అయితే ఒక కిటికీ తెరిచే ఉంటుంది. రిలేలో ఎవరెవరు పరిగెత్తుతారన్నది చాలా మీట్లలో ఆ రోజు కార్డు మీద రాసి ఇస్తారు. కనుక అనుభవమున్న కోచ్ ఆ వారం పోటీ లేకపోయినా ఒకరిద్దరిని జెర్సీతో సహా బస్సెక్కిస్తాడు. జట్టులో మంచి స్థితిలో ఉండి, ఆ రోజు పోటీ లేని జావెలిన్ అమ్మాయి 4×400లో రెండో లెగ్ పరిగెత్తుతుంది. ఒక లాప్. ఆమెకి అదో తమాషా. జట్టుకి పద్నాలుగో తల.

ఇందులో తప్పేమీ లేదు, నిజంగా పరిగెత్తినంత వరకు. కుంటుతున్న మనిషిని గీత మీద నిలబెట్టి, తుపాకీ పేలాక నాలుగడుగులు వేయించి పక్కకి తప్పించడం వేరే సంగతి. నిజాయితీగా ప్రయత్నించి తీరాలని అక్కడి ట్రాక్ నియమాల్లోనే ఉంది. అది అటుంచి, అసలు నష్టం ఆ పిల్లకే.

ఎలాగంటే, అక్కడ ఒక అథ్లెట్‌కి ఐదేళ్ల గడియారంలో నాలుగు సీజన్లు. ట్రాక్‌లో కాలేజీ తరఫున ఒక్కసారి బరిలో దిగినా ఆ సీజన్ ఖర్చయినట్టే. ఇండోర్, అవుట్‌డోర్, క్రాస్ కంట్రీ సీజన్లు మాత్రం దేనికదే. గాయంతో సీజన్ పోతే తిరిగి ఇచ్చే మెడికల్ హార్డ్‌షిప్ అనే వెసులుబాటు ఉంది, దానికి షరతులూ ఉన్నాయి. గాయం సీజన్ మొదటి సగంలో అయి ఉండాలి. అప్పటికి మూడు పోటీలు గానీ, మొత్తంలో 30 శాతం గానీ, రెంటిలో ఏది ఎక్కువైతే అంతకు మించి ఆడి ఉండకూడదు. ఆ తర్వాత మళ్లీ బరిలోకి రాకూడదు. ఇప్పుడు మార్చిలో మడమ దెబ్బతిని కూర్చున్న అమ్మాయిని తలల లెక్క కోసం మే నెలలో “ఒక్కసారి షాట్‌పుట్ వేసెయ్యమ్మా చాలు” అని బతిమాలితే? వేసింది ఏడు మీటర్లే కావచ్చు. దాంతో తిరిగి రావలసిన సీజన్ పోయింది. అడిగినవాళ్లు ఆ మాట చెప్పరు, చాలాసార్లు వాళ్లకే తట్టదు. మీరు ఆ స్థితిలో ఉంటే కోచ్‌కి జవాబు చెప్పే ముందు నియమాలు చూసే కంప్లయన్స్ ఆఫీసుకి ఈమెయిల్ పెట్టి రాతపూర్వకంగా అడగండి. ప్రతి కాలేజీలోనూ ఆ ఆఫీసు ఉంటుంది, ఉన్నదే అందుకు.

అసలు దెబ్బ మే నెల మధ్యలో తగులుతుంది. అవుట్‌డోర్ జాతీయ పోటీలకి ముందు ఈస్ట్, వెస్ట్ అని రెండు ప్రాథమిక రౌండ్లు. సీజన్లో చేసిన అత్యుత్తమ ప్రదర్శనల పట్టీలోంచి ఒక్కో వైపు, ఒక్కో వ్యక్తిగత ఈవెంట్‌కి 48 మందిని, రిలేలకి 24 జట్లని తీసుకుంటారు. అక్కడ మొదటి 12లో వచ్చినవాళ్లు చివరి పోటీలకి. అవి ఈ మధ్య ఎక్కువగా ఓరెగన్‌లోని యూజీన్‌లో, హేవార్డ్ ఫీల్డ్‌లో జరుగుతున్నాయి. ఆ పట్టీలో మీరు ఇరవయ్యో స్థానంలో ఉండొచ్చు. కానీ సీజన్ మొత్తానికి మీ కాలేజీ కావలసినన్ని మీట్లలో 14 తలలు చూపలేకపోతే, ఆ ఏడు ఆ ఆటని నడిపినట్టే కాదు. నడపని ఆట నుంచి అథ్లెట్ ఎలా వస్తాడు? మీ పేరు తీసేస్తారు, కిందివాళ్లు ఒక్కో మెట్టు పైకి జరుగుతారు, 49వ స్థానంలో ఉన్న ఎవరికో ఫోన్ వెళ్తుంది.

కాలేజీకి వేరే శిక్ష ఉంది. పద్నాలుగు ఆటల్లో ఒకటి తగ్గితే ఒక ఏడాది ప్రొబేషన్. ఆ మన్నింపు పదేళ్లకొకసారే. మళ్లీ తప్పితే సభ్యత్వం స్థాయే పడిపోతుంది. మినహాయింపు కోరుతూ కాలేజీ అర్జీ పెట్టుకోవచ్చు. తుఫాను వచ్చి మీట్ రద్దయిందంటే చెప్పుకోవడానికి ఒక కారణముంటుంది. కోచ్ లెక్క తప్పాడంటే అది కారణం కాదు. నా మటుకు నాకు ఇక్కడే అన్యాయం కనిపిస్తుంది. పోటీల పట్టిక వేసింది కోచ్, జట్టుని తీర్చింది కాలేజీ, సంఖ్యలు చూసుకోవలసింది ఆఫీసు. నేరుగా దెబ్బ తగిలేది మాత్రం ఆ ముగ్గురి మీదా అజమాయిషీ లేని ఇరవై ఏళ్ల పిల్ల మీద. జట్టుకి పాయింట్లు కోసి, వ్యక్తిగతంగా అర్హత తెచ్చుకున్నవాళ్లని వదిలేయొచ్చు. క్రాస్ కంట్రీ స్కోరింగ్‌లో అలాంటి పద్ధతే ఉంది కదా: జట్టు స్కోరుకి ఐదుగురు ముగించాలి, నలుగురే ముగిస్తే జట్టుకి స్థానం లేదు గానీ ఆ నలుగురి స్థానాలు వాళ్లకే ఉంటాయి.

మరి ఏ కాలేజీకి సరేననాలో ముందే ఎలా తెలుస్తుంది? డబ్బు గురించి మన పిల్లలు బాగానే అడుగుతారు, జట్టులో ఎంతమంది అని అడగరు. అడిగినా వెబ్‌సైటు రోస్టర్‌లోని, అంటే జట్టు జాబితాలోని, పేర్లు లెక్కపెట్టి సంతోషిస్తారు. రోస్టర్‌లో గాయపడ్డవాళ్లు, రెడ్‌షర్టులు, కోర్సు భారం 12 క్రెడిట్ల కంటే తగ్గి పోటీకి అర్హత పోయినవాళ్లు అందరూ ఉంటారు. చూడవలసింది ఫలితాలు. టీఎఫ్ఆర్ఆర్ఎస్ అనే సైట్లో ప్రతి కాలేజీ జట్టుకీ ఒక పేజీ, అందులో ఆ ఏడు వెళ్లిన మీట్ల పట్టిక ఉంటాయి. ఒక్కో మీట్ తెరిచి, ఆ కాలేజీ వాళ్ల పేర్లు కాగితం మీద రాసుకోండి. రెండోసారి వచ్చిన పేరు కొట్టేయండి, డీఎన్ఎస్ ఉన్నవీ కొట్టేయండి. మీట్‌కి పది నిమిషాల పని. ఇరవై దాటి మిగిలితే బెంగ లేదు. ప్రతి మీట్‌లోనూ పద్నాలుగూ పదిహేనూ దగ్గరే ఆగుతుంటే ఆ జట్టు నూలుపోగు మీద నడుస్తోందన్నమాట.

పెద్ద కాలేజీల్లో ఈ బాధ లేదు, అక్కడిది తిరగేసిన బాధ. ఎన్‌సీఏఏ మీద అథ్లెట్లు వేసిన దావాలో 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందంలో చేరిన కాలేజీలకి ట్రాక్ జట్టులో 45 మంది, క్రాస్ కంట్రీలో 17 మంది మించకూడదు. మగపిల్లలకి 12.6, ఆడపిల్లలకి 18 అంటూ స్కాలర్‌షిప్పుల మీద ఉన్న పాత పరిమితులు పోయి, మనుషుల మీద పరిమితి వచ్చింది. దాంతో అక్కడ చోటు దొరకని పిల్లలు చిన్న కాలేజీల వైపు వస్తారు, వాటి తలల లెక్క కొంత తేలికపడొచ్చు. ఉన్నవాళ్లలో బాగా పరిగెత్తేవాళ్లని పెద్దవి లాక్కుపోవడమూ అంతే తేలిక, ఎందుకంటే 2024 ఏప్రిల్ నుంచి చదువు సరిగా ఉంటే ఎన్నిసార్లయినా కాలేజీ మారొచ్చు. డిసెంబర్లో పద్దెనిమిది మంది ఉన్న జట్టులో వచ్చే ఏటికి ఎందరుంటారో కోచ్ కూడా చెప్పలేడు.

అందుకే కోచ్‌తో వీడియో కాల్‌లో మాట్లాడేటప్పుడు ఇలా అడగండి: “సార్, పోయిన అవుట్‌డోర్ సీజన్లో 14 మంది దిగిన మీట్లు ఎన్ని?” ఠక్కున అంకె చెప్పాడా, లెక్క చూసుకునే మనిషే. “మాది చిన్న కుటుంబంలాంటి జట్టు” అంటూ మొదలుపెట్టాడా, ఫోన్ పెట్టేశాక ఆ ఏడు ఏప్రిల్ మీట్లు తెరిచి పేర్లు రాయడం మొదలుపెట్టండి.