ట్రిగ్గర్ మీద వేలు

2024 ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు చిన్నాయన లైసెన్సు తుపాకిని అప్పగించడానికి ఆయన వెంట కడప జిల్లాలోని మా పోలీసు స్టేషనుకు వెళ్లాను. గుడ్డ విప్పి, ఆ డబుల్ బ్యారెల్ తుపాకిని నడుము దగ్గర మడిచి, రెండు గొట్టాలూ ఖాళీగా ఉన్నాయని చూపించి రసీదు చేతికి వచ్చేవరకు ఆయన దాని మడమ మీద నుంచి చేయి తీయలేదు.

అక్కడే ఒకాయన, అమెరికాలో మిషన్ గన్లను అంగట్లో అమ్ముతారని గట్టిగా చెప్పారు. ఆ మాట తప్పు అని నాకు తోచింది కానీ ఎందుకు తప్పో చెప్పలేకపోయినందుకు బాధ కలిగి, ఆ రాత్రి చట్టాలు తీసి చదివాను.

అమెరికాలోని 1934 నాటి చట్టం ప్రకారం, ట్రిగ్గర్ ఒక్కసారి పనిచేస్తే ఒకటికి మించి తూటాలు వాటంతటవే వెలువడే తుపాకే మిషన్ గన్. అక్కడి పౌరులు కొనే ఏఆర్-15 అనే రైఫిల్‌లో తరువాతి తూటా దానంతటదే గొట్టం మొదట్లోని పేలే గదిలోకి వస్తుంది గానీ, పేలాలంటే ప్రతిసారీ వేలు వదిలి మళ్లీ నొక్కాలి. చూపుకు దాదాపు అలాగే ఉండే సైన్యపు ఎం-16కు నొక్కి పట్టుకుంటే వరుసగా పేల్చే ఏర్పాటు కూడా ఉంది. 1986 మే 19 తరువాత తయారైన మిషన్ గన్ను అక్కడి సామాన్య పౌరుడు కొనడానికి వీల్లేదు.

మన 1959 ఆయుధాల చట్టమూ ఈ వేలినే చూస్తుంది: ట్రిగ్గర్ మీద ఒత్తిడి తీసేదాకా, లేదా తూటాలుండే మ్యాగజైన్ ఖాళీ అయ్యేదాకా పేలుతూనే ఉండేది నిషిద్ధాయుధం. ఆ వాక్యాన్ని చిన్నాయనకు చదివి వినిపిస్తే, మరొకసారి చదవమని అడిగి, చూపుడువేలిని రెండుసార్లు మడిచి చూసుకున్నారు.