మూడు ఎంపీహెచ్ సీట్లు, ఒక పళ్ల డాక్టరు

బీడీఎస్ చేసి ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో మాస్టర్స్) చదువుతానంటే మా చుట్టాల్లో సగం మందికి "అమెరికా వెళ్తోంది" అనే వినిపించింది. వాళ్ల తప్పేం లేదు, మా బ్యాచ్‌లో చాలామంది పట్టిన దారి అదే. నాకూ అక్కడ ఒక అడ్మిట్ వచ్చింది. ఇక్కడేమో తిరువనంతపురంలో శ్రీచిత్ర అనే వైద్య సంస్థ వాళ్ల అచ్యుత మీనన్ సెంటర్‌లో ఒక సీటు, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంకొకటి. నెలన్నర నిద్రపట్టలేదు.

అసలు ఎందుకు వెళ్తున్నానో ముందు చెప్పాలి. కనిగిరిలో ఒక క్లినిక్‌లో రెండేళ్లు చేశాను. ఒకరోజు ఒకామె పదేళ్ల కూతుర్ని తీసుకొచ్చింది. ముందు పళ్ల మీద గోధుమరంగు చారలు, అవి పోవాలని ఇటుకపొడితో తోమీ తోమీ చిగుళ్లు ఒరుసుకుపోయి ఉన్నాయి. "క్లీనింగ్ చేస్తే పోతాయా డాక్టరమ్మా?" పోవు. పన్ను దవడలో తయారయ్యేటప్పుడే నీళ్లలో ఎక్కువైన ఫ్లోరైడ్ ఎనామిల్‌ని దెబ్బతీసింది, పైన పట్టిన గార కాదది. ఆమె ఒళ్లో రెండేళ్ల పిల్లాడు. వాడి శాశ్వత పళ్లు ఇంకా లోపలే తయారవుతున్నాయి, తాగేదీ అదే బోరు నీళ్లు. పాపకి కాంపోజిట్ (పన్ను రంగు పూత) వేసి పంపించాను, పిల్లాడికి చేయాల్సిన పని మాత్రం నా డెంటల్ చైర్ దగ్గర లేదు. మన దేశంలో ఈ ఫ్లోరైడ్ జబ్బు, అంటే ఫ్లోరోసిస్ గురించి మొదట రాసింది 1937లో, అదీ పొదిలి, దర్శి, కనిగిరి వైపు చూసే. అంత పాత సంగతి నేను కాలేజీలో ఒక మార్కు బిట్టుగా చదివేశాను!

సరే, అమెరికా సంగతి. అక్కడ ఎంపీహెచ్ అంటే కనీసం 42 క్రెడిట్లు. ఎపిడెమియాలజీ (జబ్బులు ఎవరికి, ఎక్కడ, ఎందుకు వస్తున్నాయో చూసే శాస్త్రం), బయోస్టాటిస్టిక్స్ (ఆరోగ్య గణాంకాలు) బాగా చెప్తారు, దాంట్లో సందేహం లేదు. కానీ ఫీజు, ఖర్చులు కలిపితే మా లెక్క 40 లక్షలు దాటింది. ఒక కన్సల్టెన్సీ అతను "ఎంపీహెచ్ స్టెమ్‌లోకే వస్తుంది మేడం, మూడేళ్లు పనిచేసుకోవచ్చు" అని నమ్మకంగా చెప్పాడు. స్టెమ్ అంటే సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కల కోర్సుల లిస్టు. నా ఐ-20లో (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) కోర్సు కోడ్ చూస్తే 51.2201, అంటే మామూలు పబ్లిక్ హెల్త్, స్టెమ్ లిస్టులో లేదు. ఓపీటీ, అంటే చదువయ్యాక అక్కడ పనిచేసుకునే అనుమతి, 12 నెలలే. అదే ఎపిడెమియాలజీ కోడ్ 26.1309 అయితే ఇంకో 24 నెలలు కలుస్తాయి. డిగ్రీ పేరు రెండింటికీ ఎంపీహెచ్ అనే ఉండొచ్చు, కాబట్టి అప్పు తీసుకునేముందు ఆ నంబరు చూసుకోండి. బీడీఎస్‌తో అక్కడ పళ్ల ప్రాక్టీసు చేయలేమని వేరే చెప్పక్కర్లేదు కదా.

హైదరాబాద్ మంచిదే, ఇంటికి దగ్గర, తెలిసిన ఊరు, అమ్మ ఓటు దానికే.

శ్రీచిత్ర వైపు నన్ను లాగింది ర్యాంకు కాదు. వాళ్ల లైబ్రరీ సైట్‌లో పాత విద్యార్థుల డిసర్టేషన్లు (కోర్సులో భాగంగా రాసే పరిశోధన నివేదికలు) ఉంటాయి, ఓ రాత్రి కూర్చుని వరుసగా తెరిచాను. ఎవరికి వాళ్లు ఊళ్లలో తిరిగి, ఇల్లిల్లూ అడిగి తెచ్చిన డేటా. వెనక అనుబంధంలో ప్రశ్నావళి కూడా పెట్టారు. కాలేజీ బ్రోచర్లు పది చదివినా తెలియనిది ఆ ప్రశ్నావళులు చూస్తే తెలిసింది, రెండేళ్లయ్యాక నాకేం చేయడం వస్తుందో. ఉద్యోగాలంటారా, ఇక్కడ ఎక్కువ కాంట్రాక్టువే, కొన్ని నోటిఫికేషన్లలో ఎంబీబీఎస్ ఉంటేనే రమ్మంటారు. అది తెలిసే శ్రీచిత్రకి వెళ్తున్నాను.

డిసర్టేషన్ కనిగిరిలో చేయొచ్చా అని ఒక సీనియర్‌ని అడిగాను. గైడ్ ఒప్పుకోవాలి, ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలి, అసలు ముందు నీ దగ్గర ఏముందో చూసుకోమన్నారు. సరేనని క్లినిక్ ఓపీ రిజిస్టర్ రెండేళ్లది ఎక్సెల్‌లోకి ఎక్కించడం మొదలుపెట్టాను. పేరు, వయసు, కంప్లైంట్, ఫీజు అన్నీ ఉన్నాయి. ఏ ఊరి నుంచి, ఏ బోరు దగ్గర నుంచి వచ్చారో తెలియాల్సిన గడిలో మాత్రం పేజీల కొద్దీ "కనిగిరి", "కనిగిరి", "కనిగిరి". రాసింది నేనే.