18 లక్షల సీటు వద్దనుకున్న వేసవి

2023 మే నెలాఖరులో ఎంసెట్ ఫలితాలు వచ్చేసరికే నా చేతిలో ఒక సీటు ఉంది. పక్క రాష్ట్రంలో పేరున్న డీమ్డ్ యూనివర్సిటీ, సీఎస్‌ఈ, అంటే కంప్యూటర్ సైన్స్ ఇంజినీరింగ్. ఫీజు ఏడాదికి 3.2 లక్షలు, హాస్టల్, మెస్ కలిపి ఇంకో 1.3 లక్షలు. నాలుగేళ్లకు 18 లక్షలు. సీటు నిలవాలంటే పది రోజుల్లో లక్ష కట్టాలి. మన కౌన్సెలింగ్‌లో సీట్లు ఇచ్చేదేమో జులైలో.

ఎంసెట్‌లో నా ర్యాంకు 21 వేల పైచిలుకు. నల్లగొండ శివార్లలోని ఒక చిన్న కాలేజీలో సీఎస్‌ఈ వచ్చేలా ఉంది. అక్కడ ఫీజు 60 వేలు. మేం బీసీలం, ఆదాయం కూడా పరిమితి లోపే, కాబట్టి రీయింబర్స్‌మెంట్ వస్తుంది. కానీ 10 వేల ర్యాంకు దాటితే మాలాంటి వాళ్లకు ప్రభుత్వం ఇచ్చేది 35 వేలే. మిగతా 25 వేలు మేమే కట్టుకోవాలి.

నిజం చెప్పాలంటే నా మనసంతా ఆ యూనివర్సిటీ మీదే. మామయ్య కూడా "పేరున్న కాలేజీ, ఆలోచించకుండా కట్టెయ్యండి" అన్నాడు.

నాన్న, నేను నకిరేకల్‌లో బ్యాంకుకు వెళ్లాం. 7.5 లక్షలు దాటితే తనఖా తప్పదన్నారు. మా ఇల్లు గ్రామకంఠంలో ఉంది, రిజిస్ట్రేషన్ కాగితాల్లేవు. పొలం పాస్‌బుక్ చూపిస్తే, ఈ లోనుకు వ్యవసాయ భూమి పనికిరాదన్నారు. ఆఫీసర్ మంచివాడు. విత్‌డ్రా ఫారం వెనక పెన్నుతో లెక్క వేసి చూపించాడు. లోను ఏడాదికి 4 లక్షల చొప్పున 16 లక్షలు, మిగతాది మేం పెట్టుకోవాలి. చదువు అయిపోయాక ఇంకో ఏడాది దాకా కిస్తీ ఉండదు, కానీ 11 శాతం వడ్డీ డబ్బు తీసుకున్న రోజు నుంచే నడుస్తుంది. కట్టడం మొదలయ్యే నాటికి 22 లక్షలు. పదేళ్ల పాటు నెలకు 30 వేల పైన. ఆ 30 వేల కింద రెండు గీతలు గీశాడు. నాన్న ఆ కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు.

తిరుగు బస్సులో చాలాసేపు ఏం మాట్లాడలేదు. దిగబోయే ముందు, "రోడ్డు పక్కనున్న అరెకరం అమ్ముదాం బిడ్డా, నువ్వు ఫికర్ చెయ్యకు" అన్నారు. మాకున్నదే ఎకరంన్నర. బావి ఉన్నది ఆ అరెకరంలోనే.

ఆ రాత్రి నుంచే నేను అడగడం మొదలుపెట్టాను. ఆ యూనివర్సిటీలో చదువుతున్న ఒక అక్క నంబరు దొరికింది. హైయెస్ట్ ప్యాకేజీ సంగతి వదిలేసి, క్లాసులో మధ్యలో ఉండేవాళ్లకు ఎంత వస్తోందని అడిగాను. ఎక్కువమందికి ఏడాదికి నాలుగైదు లక్షలంది. అంటే నెలకు 40 వేలు కూడా చేతికి రావు. అందులో 30 వేలు కిస్తీకే పోతే?

తర్వాత చిన్న కాలేజీ గేటు ముందు టీ కొట్టు దగ్గర నిలబడి, పరీక్ష రాసి వస్తున్న సీనియర్లను ఒక్కొక్కరినే అడిగాను. సార్లు సెమిస్టర్ మధ్యలో మానేసి పోతారా? ల్యాబ్ ఎన్ని గంటల దాకా తెరుస్తారు? వాళ్లు దాచకుండా చెప్పారు. ల్యాబ్‌లో ఆరేడు కంప్యూటర్లు ఆన్ కావు, పెద్ద కంపెనీలు రావు. కానీ డేటా స్ట్రక్చర్స్ మేడమ్ ఆరేళ్లుగా ఇక్కడే ఉన్నారు, డౌట్ ఉందంటే సాయంత్రం బస్సు టైమ్ దాకా కూర్చుని చెప్తారు. నాకు ధైర్యం ఇచ్చింది ఆ ఒక్క మాటే.

పదో రోజు రాత్రి 12 దాకా ఫోన్ పట్టుకునే ఉన్నాను. గడువు దాటాక ఏడ్చాను. అమ్మ ఏమీ అడగలేదు, పక్కనే పడుకుంది.

జులైలో సీటు వచ్చింది. మొదట్లో బస్ పాస్ తీసుకున్నా, డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితం చేసిన మహాలక్ష్మి పథకం వచ్చి ఆ ఖర్చు కూడా తప్పింది. కాలేజీలో లేనిది బయట వెతుక్కోవాల్సి వచ్చింది. ఐఐటీ ప్రొఫెసర్లు ఆన్‌లైన్‌లో చెప్పే ఎన్‌పీటీఈఎల్ పాఠాలు ఉచితం, పరీక్షకు మాత్రం వెయ్యి. పాతబడిన సిలబస్ చూస్తే ఇప్పటికీ బాధగానే ఉంటుంది. యూనివర్సిటీలో చేరిన ఫ్రెండ్ హ్యాకథాన్ ఫొటోలు పెడితే ఒక్కోసారి గుండె పట్టేసినట్టుంటుంది.

మూడో ఏడాది 25 వేలు మొన్ననే కట్టాం, ఆ బావి కింద పండిన వడ్లు అమ్మి.